ముట్లుడిగిన స్త్రీలు – కాలి నిలకడ



సాంబమసూరి పండించే మీకు చేను పడిపోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. కంకి బరువెక్కి వంగే వేళ ఒక్క రాత్రి గాలివాన కొడితే తెల్లవారేసరికి మడి అంతా చాప పరచినట్లు పడుకొని ఉంటుంది. అప్పుడు మనం గాలిని తిడతాము. కాని ప్రక్క మడిలో అదే గాలికి తట్టుకొని నిలబడిన చేను కూడా ఉంటుంది. కాబట్టి గాలి ఒక్కటే కారణం కాదని మీకూ తెలుసు. యూరియా ఎక్కువై కాడ మెత్తబడి ఉండవచ్చు, పొటాషు తక్కువై ఉండవచ్చు, నీరు నిలిచి వేరు పట్టు సడలి ఉండవచ్చు. ఇవన్నీ ముందుగా జరిగిన పనులు. గాలి చివరన వచ్చింది.

మనిషి పడిపోవడమూ ఇంతే. ఈ వేళ నేను మాట్లాడబోయేది చేనును గురించి కాదు, ఆ చేనులో పనిచేసే ఆడవారిని గురించి. అందులోనూ ముట్లుడిగిన వయసు వారిని గురించి. "కాలు జారింది, పడింది" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాము. ఆ జారిన రాయి చివరి కారణం మాత్రమే. అంతకు ముందు పదేళ్ళుగా తొడ కండ తగ్గుతూ వచ్చింది, ఎముక గుల్లబారుతూ వచ్చింది, తూలినప్పుడు తమాయించుకొనే నేర్పు తప్పుతూ వచ్చింది. ఈ మూడింటిలో కండనూ నేర్పునూ ఇంటి అరుగు దగ్గరనే, కాణీ ఖర్చు లేకుండా, తిరిగి సంపాదించుకోవచ్చు. ఎముక సంగతి కొంచెం నిదానం.

ఇది రేడియోలో చెప్పుకోవలసినంత పెద్ద విషయమా అని కొందరికి తోచవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేలమంది పడిపోవడం వల్లనే చనిపోతున్నారు. అనుకోని ప్రమాదాల చావులలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఇందులో నూటికి ఎనభైకి పైగా మనవంటి బీద, మధ్యతరగతి దేశాలవారే. 65 ఏళ్ళు దాటినవారిలో ముగ్గురికి ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడుతున్నారు.

లెక్కలు అట్లా ఉంచండి. తుంటి ఎముక విరిగిన పెద్దమ్మ ఉన్న ఇల్లు మీ ఊళ్ళోనే ఒకటి ఉండి ఉంటుంది, దాన్ని తలచుకోండి. ఆమె మంచాన పడిన నాటినుంచి గేదెకు పాలు పితికే చెయ్యి లేదు. కోడలు కూలికి పోవడం మాని ఆమెను కనిపెట్టుకొని ఉండాలి. అంటే ఒక్క కాలు విరిగితే ఇద్దరి రాబడి ఆగింది. ఆపరేషనుకు తెచ్చిన అప్పు రెండు పంటలు తిన్నా తీరదు. తుంటి విరిగిన వృద్ధులలో సుమారు ఐదుగురికి ఒకరు ఏడాది తిరక్కుండా కన్నుమూయడం అనేక దేశాల అనుభవం. మిగిలినవారిలో చాలామంది మునుపటివలె నడవలేరు.

ముట్లుడిగిన స్త్రీలను గురించే ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎముకకు కావలి వంటిది. ముట్లు ఆగడంతో అది పడిపోతుంది. కావలి పోయిన చేనులో పశువులు పడ్డట్టు, మొదటి ఐదు నుండి ఏడేళ్ళలో ఎముక త్వరగా తరుగుతుంది; కొందరిలో ఐదవవంతు దాకా పోతుంది. కండలు కూడా ఆ వయసునుంచే సన్నగిల్లుతాయి. మగవారికి ఈ తరుగుదల మెల్లగా వస్తుంది. ఆడవారికి ఒక్కసారిగా వస్తుంది.

పడమటి దేశాల స్త్రీలకు 51వ ఏట దరిదాపులలో ముట్లుడుగుతుంటే మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఉడుగుతున్నాయి. మన తెలుగునాట దీనికి తోడు మరొకటి ఉన్నది. గర్భసంచి తీయించుకోవడం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలను అడిగితే, గర్భసంచి తీసివేసినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. రాష్ట్రాలన్నిటిలోకి మనమే ముందు. ఇది గొప్పగా చెప్పుకొనే ముందంజ కాదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఆ రోజే ముట్లుడిగినట్లు. ఉంచినా, కొందరికి కొన్నేళ్ళు ముందుగా ఉడుగుతాయి. అంటే ముప్పై ఐదేళ్ళ అక్క కూడా ఈ మాటలు తనకు కావని అనుకోరాదు. ఆపరేషను అయినవారు తమ కాగితాలు తీసి, అండాశయాలు ఉంచారా తీశారా అని నర్సమ్మను అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక అసలు సంగతికి వస్తాను. వ్యాయామం అనగానే మన అక్కలు నవ్వుతారు. "ఏందమ్మా, తెల్లారి లేచిన కాడినుంచి చేనులోనే చస్తుంటే మళ్ళా నాకు కసరత్తులు కూడానా? అవి కుర్చీలో కూచునే వాళ్ళకు చెప్పు పో" అంటారు. ఈ మాటలో న్యాయం ఉన్నది, పొరబాటూ ఉన్నది.

మీ పని శరీరానికి కష్టమే, కాదనను. కాని ఏ పని దేనికి సాధన అవుతుందో చూడాలి గదా! నాటు వేసేటప్పుడు కాళ్ళు రెండూ ఎడంగా బురదలో దిగబడి ఉంటాయి. నడుము వంగి ఉంటుంది. పని అంతా చేతులది, నడుముది. కలుపు తీసేటప్పుడు గొంతుకు కూర్చొని జరుగుతారు. మిరపకాయ ఏరినా, వేరుశనగకాయ వలిచినా కూర్చొనే. ఇందులో ఒంటికాలి మీద నిలిచి ఒంటిని తమాయించుకొనే ఘడియ ఎక్కడ? అరకకు మరిగిన ఎద్దు ఎంత కష్టజీవి అయినా మొదటిరోజునే బండికి సరిగా నడవదు. దానికి బండి విడిగా నేర్పాలి. కాలి నిలకడా అటువంటిదే. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడి, చేతి ఆధారం తగ్గించుకొంటూ, ఒంటి బరువును అటూ ఇటూ మార్చినప్పుడే అది పెరుగుతుంది. వేరే విధంగా రాదు. నడక గుండెకు, చక్కెర జబ్బుకు ఎంతో మంచిది. కాని పడకుండా ఉండడానికి నడక ఒక్కటే చాలునని ఇప్పటివరకు రుజువు కాలేదు.

మరొక విషయం. మన అమ్మమ్మలు నూతిలో చేదతో నీళ్ళు తోడారు, రోట్లో దంచారు, నేల మీద కూర్చొని తిని రోజుకు ఇరవైసార్లు లేచారు. ఇప్పుడు మోటారు వచ్చింది, మిక్సీ వచ్చింది, కోతమిషను వచ్చింది, టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. వీటిని నేను తప్పుపట్టడం లేదు. రోకలి పోటుతో ఏ ఆడదీ సుఖపడలేదు. కాని ఆ పనుల వెంట తొడలకూ పిక్కలకూ దొరికే సాధన కూడా పోయింది.

ఈ మాటలు ఊహించి చెబుతున్నవి కావు. న్యూజిలాండులో డునెడిన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి ఒటాగో విశ్వవిద్యాలయంవారు 80 ఏళ్ళు దాటిన 233 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇంటివద్ద చేసుకొనే బలం, నిలకడ కసరత్తులు నేర్పారు. రెండవ జట్టుకు నేర్పలేదు. ఏడాది తిరిగేసరికి నేర్పని జట్టులో 152 సార్లు పడ్డారు, నేర్పిన జట్టులో 88 సార్లే. ఇది 1997లో అచ్చయింది. ఎనభై దాటిన ముసలమ్మలకే ఇంత ఫలితం వస్తే యాభైలో ఉన్నవారు "మాకెక్కడ వస్తుంది" అనడం సరికాదు. ఆ తరువాత 2019లో కోక్రేన్ సంస్థవారు 108 పరిశోధనలను, 23 వేలకు పైగా మనుషుల లెక్కలను కలిపి చూశారు. నిలకడ కసరత్తులతో పడడం సుమారు నాలుగోవంతు తగ్గింది. నిలకడకు తోడు కండబలం కసరత్తులు కూడా చేసినచోట మూడోవంతు దాకా తగ్గింది.

ముందు మీ నిలకడ ఎంత ఉన్నదో చూసుకోండి. విత్తనం మొలకశాతం చూడకుండా చల్లుతామా? గోడ ప్రక్కన నిలబడండి, ఒక మనిషిని దగ్గర ఉంచుకోండి. పాదాలు రెండూ జోడించి నిదానంగా పది లెక్కపెట్టండి. తరువాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి, దాని మడమ ప్రక్కన రెండవ పాదం బొటనవ్రేలు వచ్చేట్లు నిలిచి పది లెక్కపెట్టండి. ఆ తరువాత ఒక పాదం ముందు, ఒక పాదం వెనుక. ముందు పాదం మడమకు వెనుక పాదం వ్రేళ్ళు తగలాలి. ఇట్లా చెయ్యి పట్టుకోకుండా పది క్షణాలు నిలబడలేనివారు పడే ప్రమాదంలో ఉన్నవారే. ఇదీ దాటితే ఒంటికాలి మీద నిలిచి చూడండి. ఐదు క్షణాలైనా ఆగలేకపోతే సాధన వెంటనే మొదలుపెట్టాలి.

కాళ్ళ బలానికి మరొక పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీలో, చేతులు రొమ్ముమీద కట్టుకొని కూర్చొని, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించండి. అరవై దాటిన స్త్రీ 12 సార్లయినా లేవగలగాలి. 65 దాటితే 11. డెబ్భై దాటితే 10. ఇంతకు తగ్గితే కాళ్ళ బలం తక్కువని అర్థం. పిల్లల చేతిలో ఫోను ఉంటుంది గదా, టైము వాళ్ళు చూస్తారు. నాయనమ్మ లెక్క పెంచాలని వాళ్ళే పంతం పడతారు.

ఇప్పుడు చేయవలసినవి చెబుతాను. దగ్గర అరుగో, బరువైన బల్లో, గట్టి గుంజో ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీని పట్టుకొని చేయవద్దు, అది మీతో పాటే వస్తుంది.

మొదటిది అరుగుమీద నుంచి లేవడం. మోకాలి ఎత్తు అరుగుమీద అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు కొంచెం వెనక్కు లాక్కొని, ముందుకు వంగి, మెల్లగా లేవండి. మెల్లగా కూర్చోండి, దభీమని కూలబడకూడదు. బలం వచ్చేది కూర్చొనేటప్పుడు ఆపుకోవడంలోనే. మొదట చేతులు ఆనించి లేవవచ్చు, తరువాత ఒక చెయ్యి, తరువాత చేతులు లేకుండా. పదిసార్లు చేసి, కొంచెం అలుపు తీర్చుకొని మరొక పది. నులకమంచం ఇందుకు పనికిరాదు, గుంటపడి మోకాళ్ళకు చేటు.

రెండవది మడమలు ఎత్తడం. గుంజ పట్టుకొని నిలబడి, మునివ్రేళ్ళమీద లేచి, మూడు లెక్కపెట్టి దిగండి. ఇది పిక్కలకు. తరువాత మడమల మీద నిలిచి పాదం ముందుభాగం పైకెత్తండి. ఇది చాలామందికి చిన్న పనిగా కనిపిస్తుంది గాని, గడప తగిలి ముందుకు పడడమంతా పాదం ముందుభాగం లేవకపోవడం వల్లనే. ఒక్కొక్కటి పదిసార్లు.

మూడవది ప్రక్కకు కాలెత్తడం. గోడకు ముఖం పెట్టి నిలబడి, మోకాలు వంచకుండా ఒక కాలిని ప్రక్కకు ఎత్తి దింపండి. ఒంటిని వాల్చకండి. తుంటి ప్రక్క కండకు ఈ పని, నడకలో ఒరగకుండా ఆపేది ఆ కండే. పదేసి సార్లు సులువైనాక గుడ్డసంచిలో అరకిలో ఇసుక పోసి చీలమండకు కట్టుకోవచ్చు. డునెడిన్‌లోనూ చీలమండకు బరువు కట్టే నేర్పారు. వాళ్ళది కొన్న పట్టీ, మనది ఇసుక.

గుంజీలు మీకు తెలిసినవే. కాని పూర్తిగా కూర్చోనక్కరలేదు, పట్టుకొని సగం వంగి లేస్తే చాలు.

ఇవి బలానికి. నిలకడకు ముగ్గుపిండి చాలు. వాకిట్లో గోడవెంట పది అడుగుల గీత గీయండి. ఆ గీతమీద మడమకు వ్రేలు ఆనించుకొంటూ నడవండి, చెయ్యి గోడకు అందేట్లు ఉండాలి. చూపు కాళ్ళమీద కాదు, ఎదుట ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు గోడకు ముఖం పెట్టి ప్రక్క అడుగులు వేసుకొంటూ రండి. వారం పది రోజులు గడిచాక వెనుకకు నడవడం. ఆ తరువాత ముగ్గుపిండితోనే ఎనిమిది అంకె పెద్దదిగా వేసి, దాని వెంట తిరగండి; మలుపు తిరిగేటప్పుడే చాలామంది తూలుతారు గనుక ఆ సాధన ఎంతో ముఖ్యం. చివర ఒంటికాలిమీద పది లెక్క, రెండవ కాలిమీద పది లెక్క.

ఆధారం తగ్గించుకొనే వరుస మరచిపోకండి. మొదట రెండు చేతులు, తరువాత ఒక చెయ్యి, ఆ తరువాత ఒక్క వ్రేలు, కడపట ఏమీ లేకుండా. ఎన్నడూ గోడ మాత్రం అందుబాటులోనే ఉండాలి. సాధనలో ఒళ్ళు కొంచెం తూగాలి. అసలు తూగకపోతే అది మీకు సులువైపోయిందని, లాభం ఆగిపోయిందని గుర్తు. మరొక మెట్టు ఎక్కాలి. పడేటంత తూగితే ఒక మెట్టు దిగాలి.

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. ఒక్కసారిగా కుదరకపోతే పదేసి నిమిషాలు మూడు సార్లు చేసినా అదే ఫలితం. ఒళ్ళు పట్టుచిక్కాక వారానికి మూడు గంటల దాకా పెంచుకోవచ్చు. మొదటివారం తొడలు లాగుతాయి, అది మంచిదే. మోకాలు వాచినా, రొమ్ములో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఆపి డాక్టరుకు చూపించాలి. ఇదివరకు వెన్నెముక గాని తుంటి గాని విరిగినవారు, గుండెజబ్బువారు డాక్టరును అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. గూని వచ్చినవారు, ఎముక గుల్లబారిందన్నవారు ముందుకు బాగా వంగి మెలితిరిగే కసరత్తులు చేయరాదు. బరువుతో వంగి తిరగడం అసలే వద్దు. ఊపిరి బిగబట్టకండి.

అరగంట కూడా దొరకదనే అక్కలకు ఒక దారి ఉన్నది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 70 ఏళ్ళు దాటిన 317 మందిమీద జరిపిన పరీక్ష 2012లో అచ్చయింది. అందులో ఒక జట్టువారికి వేరే వేళ పెట్టుకోకుండా, ఇంటిపనిలోనే నిలకడ సాధన కలిపి చేసుకోవడం నేర్పారు. వీరిలో పడడం నూటికి 31 వంతులు తగ్గింది. ఇది మన పల్లెకు కుట్టించినట్లు సరిపోయే పద్ధతి అని నా అభిప్రాయం. పళ్ళు తోముకొనేటప్పుడు ఒక పాదం ముందు ఒక పాదం వెనుక పెట్టి నిలవండి. పాలకేంద్రం దగ్గర వరుసలో నిలబడినప్పుడు మడమలు ఎత్తి దించండి, ఎవరూ గమనించరు. దండెం మీద బట్టలు ఆరవేసేటప్పుడు మునివ్రేళ్ళమీద లేవండి. క్రింద పడిన వస్తువు తీసుకోవలసివస్తే నడుము వంచక మోకాళ్ళు వంచండి. మంచం ప్రక్కనుంచి వెళ్ళేటప్పుడు ప్రక్క అడుగులతో వెళ్ళండి. పొయ్యి దగ్గర మాత్రం ఈ సరదాలు వద్దు. నూనె మూకుడు ముందర ఒంటికాలి జపం చేయమని నేను చెప్పలేదు. పొలంగట్టు కూడా సాధనకు చోటు కాదు. అది సాధన పనికివచ్చే చోటు.

కోలాటం వేసే ఊళ్ళలో, బతుకమ్మ ఆడే ఊళ్ళలో ప్రక్క అడుగులు, మలుపులు, వంగి లేవడం ఎలాగూ ఉన్నాయి. నలుగురితో కలిసి చేసే పని మధ్యలో మానేయము. యాభై దాటినవారు "మాకెందుకులే" అని అరుగెక్కి కూర్చోకుండా వాటిలో దిగాలి.

ఇల్లూ వాకిలీ సంగతి త్వరగా చెబుతాను. మనం నిలబడేది కంటిచూపు, చెవిలోపలి తూకం, పాదాల స్పర్శ, ఈ మూడింటి సాయంతో. రాత్రి దీపం లేకపోతే మొదటిది పోయింది. చక్కెరజబ్బుతో పాదాలు తిమ్మిరెక్కితే మూడవదీ పోయింది. కాబట్టి మంచం దగ్గరనుంచి మరుగుదొడ్డిదాకా చిన్న బల్బు వెలగాలి. శుక్లం వచ్చిన కన్ను వాయిదా వేయకుండా ఆపరేషను చేయించుకోవాలి. కళ్ళాపి చల్లిన వాకిట్లో, కుళాయి దగ్గరి పాచిమీద అరిగిపోయిన హవాయి చెప్పులతో నడవకండి. అటక మీది సామాను నిచ్చెనెక్కి తీసే పని కుర్రవాళ్ళకు వదలండి. రక్తపుపోటుకో నిద్రకో మాత్రలు వాడేవారు పడుకొన్నచోటినుంచి దిగ్గున లేవరాదు. కూర్చొని, పది లెక్కపెట్టి, అప్పుడు లేవాలి. తిండి మాటకు వస్తే, రాగులు 100 గ్రాములలో 340 మిల్లిగ్రాములకు పైగా సున్నం ఉంటుంది. జావో సంకటో రోజూ పడాలి, పాలు అన్నీ కేంద్రానికే పోయకుండా ఇంట్లో పెద్దామెకు ఒక గ్లాసు మిగల్చాలి. ఐతే సున్నం ఎముకకే గాని నిలకడకు కాదు. బిళ్ళలు మింగి కసరత్తు మానేస్తే పడడం తగ్గదు.

రైతు సోదరులకు ఒక మాట. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక ఇనుప పైపు గోడకు బిగించడం, మెట్లప్రక్క ఒక కమ్మీ వేయడం సగంపూట పని. మోటారు షెడ్డుకు తాళం వేసుకొనే శ్రద్ధలో పదోవంతు చాలు.

విస్తరణ కార్యకర్తలు, ఇది వైద్యశాఖవారి పని అని ప్రక్కకు పెట్టవద్దు. మీరు పంట సమావేశం పెట్టినచోట స్త్రీలు వస్తారు, పొదుపు సంఘం ప్రతి నెలా కూర్చుంటుంది. ఆ సమావేశానికి ముందు పది నిమిషాలు గోడ దగ్గర నిలబెట్టి పైన చెప్పిన పరీక్ష చేయించండి. ఎవరు పది లెక్క నిలవలేకపోయారో ఆశా కార్యకర్తకు చెప్పండి. మూడు నెలల తరువాత మళ్ళా చూడండి. అడిగేటప్పుడు "పడ్డారా" అని నలుగురిలో అడగకండి, ఎవరూ చెప్పరు. పడ్డానంటే కొడుకు పొలానికి పోనివ్వడని, కోడలు చులకన చేస్తుందని దాచుకొంటారు. "ఏం పెద్దమ్మా, ఈమధ్య ఎక్కడన్నా కాలు జారిందా, తట్టుకొన్నదా" అని ఒంటరిగా అడిగితే సంగతి బయటికి వస్తుంది. ఒకసారి పడినవారు మళ్ళా పడడానికి ఎక్కువ అవకాశం ఉన్నది గనుక ముందుగా పట్టుకోవలసింది వారినే.

పడినప్పుడు ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. వెంటనే లేవబోవద్దు. ఊపిరి పీల్చుకొని, కాళ్ళు చేతులు కదిలించి చూసుకోండి. బాగానే ఉంటే ప్రక్కకు పొర్లి, మోచేతులమీద లేచి, మోకాళ్ళమీద ప్రాకుతూ అరుగుదాకానో మంచందాకానో వెళ్ళి, దానిమీద చేతులు ఆనించి, ఒక పాదం ముందు పెట్టి లేవాలి. ఒంట్లో బాగున్నప్పుడే ఈ లేవడం చాపమీద సాధన చేసి ఉంచుకోండి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉండి, ఆ కాలు పొట్టిదై పాదం బయటికి తిరిగి ఉంటే ఎముక విరిగిందన్నమాటే. నిలబెట్టకండి, తోమకండి, కట్టు కట్టించి రోజులు గడపకండి. 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. తుంటి విరిగినప్పుడు ఎక్కువమందికి ఆపరేషను అవసరమవుతుంది, అది ఎంత త్వరగా అయితే అంత మేలు.

ఎముక విరగకపోయినా ఒక చిక్కు మిగులుతుంది, అది భయం. పడినామె మళ్ళా పడతానేమోనని నడక తగ్గిస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా ప్రేమతోనే "నువ్వు కదలకు అత్తా, అన్నీ మేం చూసుకొంటాం" అంటారు. ఆరు నెలలు కదలకపోతే ఉన్న తొడ కండ కూడా కరిగి, ఈసారి మరింత తేలికగా పడుతుంది. అటువంటి అత్తకు మంచం దగ్గరికి అన్నీ అందించడం కంటే, ఉదయం పూట పది నిమిషాలు ప్రక్కన నిలబడి సాధన చేయించడం మేలు. డాక్టరు నడవవచ్చునని చెప్పిన మరునాడే మళ్ళా మొదటి మెట్టునుంచి మొదలుపెట్టించండి. అరుగు మీదినుంచి లేవడం ఐదుసార్లు, మడమలు ఎత్తడం ఐదుసార్లు, అంతే. మొదటి వారం రెండు చేతులూ గోడమీదనే ఉండనివ్వండి.